పచ్చబొట్టుకు వార్ధక్యం

తెలుగువారు పచ్చబొట్టుకు పెట్టిన పేరులోనే ఒక పరిశీలన దాగి ఉన్నది. పొడిచే మసి నల్లనిది. అయినా దానిని నల్లబొట్టు అని ఎవరూ అనలేదు, పచ్చబొట్టు అన్నారు. తమిళులు పచ్చ కుత్తటం అంటారు. కన్నడిగుల హచ్చె కూడ ఆ కోవలోనిదే. నల్లని మసి చర్మం అడుగున చేరిన తరువాత, పైనున్న పొర గుండా చూచే కంటికి నీలిఛాయ కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. చర్మంలో వెలుగు చెదరటమే అందుకు కారణమని శాస్త్రం చెపుతుంది. శాస్త్రం ఆ మాట చెప్పక చాలా ముందే పల్లెటూరి కన్ను ఆ మార్పును కనిపెట్టింది. పొడిచిననాటి రంగును బట్టి కాక, మిగిలిన రంగును బట్టి పెట్టిన పేరు అది.

పెద్ద పచ్చబొట్లను గురించి ఈనాడు ఇండ్లలోనూ కళాశాలలలోనూ జరుగుతున్న వాదమంతా ఆ రెండు రంగుల నడుమనే ఉన్నది. పొడిపించుకొనే యువకుడు మొదటినాటి రంగును చూస్తున్నాడు. వద్దనే తండ్రి మిగలబోయే రంగును చూస్తున్నాడు. ఇద్దరి చూపులకూ నడుమ ముప్పయి నలభై సంవత్సరాల దూరం ఉన్నది. ఆ దూరాన్ని గురించి తెలిసినదెంత, ఊహించుకొన్నదెంత అని విచారించకుండా ఒకరినొకరు నిందించుకొనటం వలన ప్రయోజనం లేదు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో పచ్చబొట్లు పొడిచే దుకాణాలు అద్దాల తలుపులతో వెలిశాయి. టాటూ అన్న పేరుతోనే అవి వ్యవహారంలో ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రంలోని తాహితి దీవికి 1769లో వెళ్లిన కెప్టెన్ కుక్ నావికులు అక్కడివారి మాటను తమ భాషలోనికి తెచ్చుకొన్నారు. అది లోకమంతా తిరిగి తెలుగునాటికి వచ్చింది. విద్యుత్తుతో నడిచే సూది కూడ క్రొత్తది కాదు. ఎడిసన్ తయారుచేసిన విద్యుత్ కలాన్ని ఆధారం చేసుకొని శామ్యూల్ ఓరైలీ అనే అమెరికా దేశీయుడు 1891లోనే దానికి పేటెంటు పొందాడు. క్రొత్తగా వచ్చినదల్లా పరిమాణం. భుజం మొదలు మణికట్టు వరకు, మెడ మొదలు నడుము వరకు చిత్రం పరచుకొంటున్నది. ఒకనాటి బొట్టు ఇప్పుడు పటమయింది.

“యాభై ఏండ్లు వచ్చాక ఆ సింహం మొగం ఎలా ఉంటుందిరా?” అని తల్లి అడుగుతుంది. “అప్పటికి నా మొగం మాత్రం ఇలాగే ఉంటుందా అమ్మా?” అని కొడుకు జవాబు చెపుతాడు. చాల ఇండ్లలో సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. తల్లి మాటలో నిజమున్నది. కొడుకు మాటలోనూ నిజమున్నది. కాని ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుకోవటం లేదు. తల్లి చర్మాన్ని గురించి అడిగినట్లు కనిపించినా ఆమె భయం లోకాన్ని గురించినది. కొడుకు చర్మాన్ని గురించి జవాబు చెప్పినట్లు కనిపించినా అతని పట్టుదల తన స్వాతంత్ర్యాన్ని గురించినది.

ఆ వాదం జరిగే ఇంటిలోనే అరుగుమీద అవ్వ కూర్చుని ఉండవచ్చు. ఆమె గడ్డం మీద ఒక చుక్క, ముంజేతి మీద నాలుగు చుక్కల ముగ్గు, దాని క్రింద ఒక పేరు. ఊరూరా తిరిగే ఎరుకల స్త్రీలు సోది చెప్పినట్లే పచ్చబొట్లూ పొడిచేవారు. దీపపు మసి, ఆకు పసరు, కట్టగా కట్టిన సూదులు - అంతే సరంజామా. ఎనిమిదేండ్లకో పదేండ్లకో ఆమెను కూర్చోబెట్టి, చేయి పట్టుకొని పొడిపించారు. కావాలా అని అడిగినవారు లేరు. మెడలోని సొమ్ములు ఇక్కడే మిగిలిపోతాయి, పచ్చబొట్టు మాత్రం పోయేనాడు వెంట వస్తుందని చెప్పి ఏడుపు మాన్పించారు. అరవై సంవత్సరాలకు ఆ చుక్కలు ఆవగింజ నుండి కందిగింజ అంత అయ్యాయి. పేరులోని అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఆమె చదివితే తప్ప మరొకరికి అర్థం కావు.

పచ్చబొట్టు ముసలితనాన్ని గురించి ఆ ఇంటిలో ఉన్న ప్రత్యక్ష సాక్ష్యం ఆ చేయి ఒక్కటే. వాదం ముదిరినప్పుడు దానిని ఎవరూ చూడరు.

సిరా నడిచే దారి

చర్మపు పై పొర ఇంచుమించు నెలకొకసారి క్రొత్తదవుతుంది. సిరా అక్కడే నిలిస్తే కొద్ది వారాలలోనే రాలిపోవలసి ఉంటుంది. సూది ఆ పొరను దాటి, అడుగున ఉన్న రెండవ పొరలో సిరాను విడుస్తుంది. శరీరం దానిని అతిథిగా ఎంచదు. బయటినుండి చొరబడిన పదార్థాన్ని మ్రింగివేసే భక్షక కణాలు అక్కడికి చేరి సిరా రేణువులను మ్రింగుతాయి. మ్రింగగలవు గాని జీర్ణం చేసుకోలేవు. మ్రింగినదానిని కడుపులో పెట్టుకొని ఆ చోటనే ఉండిపోతాయి. పచ్చబొట్టుగా కంటికి కనిపించేది చాలవరకు ఆ కణాల కడుపులోని సిరాయే.

అయితే ఏ కణమూ మనిషితోపాటు చివరివరకు బ్రతకదు. 2018లో ఫ్రాన్సు దేశంలోని మార్సేయి పరిశోధకులు చిట్టెలుకల మీద జరిపిన ప్రయోగాలలో ఒక విశేషం బయటపడింది. పాత భక్షక కణం చనిపోయినప్పుడు సిరా బయటపడుతుంది. దాని స్థానంలోనికి వచ్చిన క్రొత్త కణం ఆ సిరాను మళ్లీ మ్రింగుతుంది. పచ్చబొట్టు శాశ్వతంగా కనిపించటానికి కారణం అది కదలకుండా ఉండటం కాదు, చేతులు మారుతూ ఉండటం.

తాళపత్రాల సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు. ఆకుమీద గంటంతో గీసేవారు. గీతలో మసి రుద్దేవారు. అక్షరం పైకి తేలేది. పచ్చబొట్టు పొడవటమూ ఇంచుమించు ఆ పనియే. ఆకు శిథిలం కాకముందే మరొక లేఖకుడు మరొక ఆకుమీద ప్రతి వ్రాసేవాడు. గ్రంథం నిలిచింది ఆకు బలంవలన కాదు, ప్రతి వ్రాసినవారి ఓపికవలన. ప్రతి తరువాత ప్రతిలో ఎక్కడో ఒక కొమ్ము జారేది, ఎక్కడో ఒక సున్న చేరేది. చర్మంలోనూ పాత కణం విడిచిన రేణువంతా అదే చోట, అదే గీతలో నిలవాలన్న నియమం లేదు. కొంత సిరా అసలు చర్మాన్నే విడిచిపోతుంది. పచ్చబొట్ల రంగు రేణువులు లింఫు గ్రంథులలోనికి చేరుతున్నాయని జర్మనీ, ఫ్రాన్సు దేశాల పరిశోధకులు 2017లో ప్రకటించారు.

దీనికి తోడు చర్మానికి వచ్చే ముసలితనం ఒకటి. వయసు పెరిగినకొద్దీ చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ తగ్గుతుంది, ముడుతలు పడతాయి. ఎండ ఈ పనిని త్వరపెడుతుంది, రంగులనూ విరగగొడుతుంది. పసుపు, తెలుపు వంటి లేత రంగులు ముందుగా వెలవెలబోతాయి. వ్రేళ్ల మీద, పాదాల మీద ఒరిపిడి ఎక్కువ కనుక అక్కడి గీతలు త్వరగా చెదరిపోతాయి. గర్భిణి పొట్టమీది చర్మం సాగి మళ్లీ ముడుచుకొంటుంది. దానిమీది చిత్రం వెనుకటి ఆకారానికి సరిగా రావాలని లేదు. భుజం లోపలివైపు, వీపు పైభాగం వంటి చోట్ల, బట్ట చాటున ఉన్నది ఎక్కువకాలం నిలుస్తుంది.

నల్లని మసికి మాత్రం ఆయువు ఎక్కువ. 1991లో ఆస్ట్రియా, ఇటలీల సరిహద్దున ఆల్ప్స్ పర్వతాల మంచులో ఒక మనిషి దేహం దొరికింది. అతడు ఇంచుమించు 5,300 సంవత్సరాల క్రిందటివాడు. ఆ దేహం మీద 61 పచ్చబొట్లు లెక్కకు వచ్చాయి. అన్నీ మసితో వేసిన గీతలూ, కొన్ని సిలువ ఆకారాలూ. గీతగా వేసినది గీతగానే మిగిలింది.

వాదులు, ప్రతివాదులు

పచ్చబొట్లు పొడిచే కళాకారులు ఈ సాక్ష్యాన్ని తమ పక్షానికి త్రిప్పుకొంటారు. పెద్ద పచ్చబొట్టుకంటె చిన్న పచ్చబొట్టే త్వరగా పాడవుతుందని వారి వాదం. అర అంగుళంలో ఇరికించిన మొగానికి కన్ను ఒక చుక్క, పెదవి ఒక గీత. పది సంవత్సరాలకు చుక్క వెడల్పై గీతను తాకితే మొగం పోయి మచ్చ మిగులుతుంది. అదే మొగం జానెడు పరిమాణంలో ఉంటే కంటికీ పెదవికీ నడుమ ఎడం ఉంటుంది. గీత కొంచెం లావెక్కినా రూపం చెడదు. దళసరి గీత, నిండైన నలుపు, నడుమ ఖాళీ చర్మం - ఈ మూడూ ఉన్న పెద్ద చిత్రం వయసుకు తట్టుకొంటుందని వారంటారు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. అవ్వ గడ్డం మీది ఒంటి చుక్క ఇప్పటికీ చుక్కగానే ఉండి, ముంజేతి మీది పేరు చెదరటానికి కారణం అదే. ఒక్క సంగతి మాత్రం వారు తక్కువగా చెపుతారు. ఇప్పుడు వేడుకగా అడుగుతున్నవి దళసరి గీతల చిత్రాలు కావు. ఛాయాచిత్రాన్ని తలపించే సన్నని నీడల పటాలు. తండ్రి మొగాన్ని ఉన్నది ఉన్నట్లుగా వేయించుకొన్న కొడుక్కి, ఇరవై సంవత్సరాలకు మిగిలేది తండ్రి మొగమా, ఒక మొగమా అన్నది ఆలోచించవలసినదే.

వైద్యులు అందచందాల జోలికి పోరు. పచ్చబొట్టు పెద్దదయినకొద్దీ శరీరంలో చేరే సిరా ఎక్కువ. నయం కావలసిన పుండూ పెద్దది. శుభ్రంచేయని సూది వలన కామెర్లకు కారణమైన హెపటైటిస్ బి, సి క్రిములు, హెచ్.ఐ.వి. సోకవచ్చును. వీపునిండా రంగు నింపినప్పుడు పుట్టుమచ్చలు దాని చాటున పడి, వాటిలో వచ్చే ప్రమాదకరమైన మార్పు కంటబడకపోవచ్చును. సిరాలో ఏముండరాదన్న విషయంలో ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుండి కట్టుబాట్లు విధించి, వేల రసాయనాలపై ఆంక్షలు పెట్టింది.

క్యాన్సరు విషయంలో పండితులలోనే భేదాభిప్రాయం ఉన్నది. స్వీడన్ దేశంలో 11,905 మందిని పరిశీలించి 2024లో ప్రకటించిన అధ్యయనంలో, పచ్చబొట్లు ఉన్నవారిలో లింఫోమా అనే వ్యాధి అవకాశం 21 శాతం అధికంగా కనిపించింది. కాని పచ్చబొట్టు పెద్దదయినకొద్దీ అది పెరిగినట్లు కనిపించలేదు. పొరుగున ఉన్న డెన్మార్కులో కవలలను పరిశీలించి 2025లో ప్రకటించిన అధ్యయనం, అరచేతికంటె పెద్దవైన పచ్చబొట్లు ఉన్నవారిలోనే అవకాశం హెచ్చుగా ఉన్నదని చెప్పింది. ఈ రెండూ సంబంధాన్ని చూపినవే గాని కారణాన్ని నిరూపించినవి కావు. లింఫోమా అరుదైన వ్యాధి కనుక ఆ శాతాన్ని చూచి భయకంపితులు కానక్కరలేదు. తేలనిదానిని తేలినట్లు చెప్పి నిర్భయంగా ఉండనూ కూడదు. సందేహం తీరనంతకాలం, తక్కువ సిరా చాలునన్న జాగ్రత్తకు విలువ ఉన్నది.

పెద్దల వాదం మూడవది. “ఇప్పుడు ముచ్చట పడతావు, తరువాత ఏడుస్తావు” అని వారి హెచ్చరిక. దీనిని లెక్కలు పూర్తిగా బలపరచటం లేదు. అమెరికా దేశంలో ప్యూ పరిశోధన సంస్థ 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారం వయోజనులలో 32 శాతం మందికి పచ్చబొట్లు ఉన్నాయి. వారిలో ఎప్పుడైనా ఒక పచ్చబొట్టు విషయమై విచారించామన్నవారు 24 శాతం. అంటే నలుగురిలో ముగ్గురు విచారపడటం లేదు. అయితే నాలుగవవాని మాట ఏమిటి? చిన్న బొట్టయితే చేతిగడియారం పట్టీ క్రింద దాచవచ్చును. వీపు నిండిన పటాన్ని దాచగలడు గాని మరువలేడు. లేసర్ కిరణాలతో చెరిపించుకొందామంటే, ఆ కిరణం సిరాను తుడవదు. రేణువులను పిండి చేస్తుంది, మోసుకొనిపోవలసిన పని శరీరానిదే. నలుపు త్వరగా లొంగుతుంది. పసుపు, ఆకుపచ్చ వంటి రంగులు మొండికెత్తుతాయి. వారాల ఎడంతో ఎన్నో పర్యాయాలు పోవలసి ఉంటుంది. పెద్ద పటానికి సంవత్సరాలు పట్టవచ్చును. అయినా ఆనవాలు మిగలవచ్చును. పెద్ద పచ్చబొట్టుకూ చిన్నదానికీ ముఖ్యమైన తేడా ఇదే: పొరపాటు చేసినవానికి తిరుగుదారి ఎంత పొడవు అన్నది.

రామనామీలు

ఒళ్లంతా పచ్చబొట్లతో ముసలివారైన మనుషులు ఎట్లుంటారో చూడటానికి పరదేశం పోనక్కరలేదు. తెలంగాణకు పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో, మహానది పరిసరాల గ్రామాలలో, రామనామీలనే సమాజం ఉన్నది. అంటరానివారని గుడి తలుపులు మూసిన కాలంలో, పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకంలో, పరశురాముడనే ఆయన ఈ మార్గాన్ని నెలకొల్పాడు. గుడిలోని రాముని చూడనివ్వకపోతే, గుడి అక్కరలేని రాముని ఒంటిమీదనే వ్రాసుకొన్నారు. దేవనాగరి లిపిలో రామ అన్న రెండక్షరాలే నుదుట, చెంపలమీద, రెప్పలమీద, చేతులమీద, కాళ్లమీద వేల పర్యాయాలు. ఆపాదమస్తకం వ్రాయించుకొన్నవారిని నఖశిఖ రామనామీలంటారు. కిరసనాయిలు దీపపు మసిని నీటితో కలిపి, సూదులతో పొడిచేవారు. వారికి విగ్రహం లేదు, గుడి లేదు, మద్యం ముట్టరు, రామనామం అచ్చువేసిన వస్త్రం కప్పుకొని, నెమలి ఈకల కిరీటం ధరించి భజన చేస్తారు.

ఆ వృద్ధుల ఒంటిమీది అక్షరాలకు వార్ధక్యం వచ్చింది. చర్మం ముడుత పడినచోట రకారం మకారంలోనికి జారింది. నల్లనిది పచ్చబడింది. పరీక్షాధికారి దృష్టితో చూస్తే అది పాడైన వ్రాత. కాని అది పాడైనదని వారు భావించరు. ఒకచోట అక్షరం చెదిరితే పక్కన అదే అక్షరం ఉన్నది. ఒంటిమీద చెదిరితే నోటిలో ఉన్నది. ఒకరు పోతే పక్కవాని ఒంటిమీద ఉన్నది. చూపుకు అందంగా ఉండాలని వ్రాయించుకొన్నది కాదు కనుక, అందం తరిగినంత మాత్రాన దానికి నష్టం రాలేదు. పచ్చబొట్టు వెనుక ఉన్న ఉద్దేశం మనిషికంటె దీర్ఘాయువయితే, సిరా చెదరటం ఒక లెక్కలోనిది కాదని ఈ వృద్ధులు సాక్ష్యం చెపుతున్నారు.

కథ ఇంతటితో ముగిస్తే చల్లగా ఉంటుంది గాని, సత్యం కాదు. ఆ సమాజంలోని యువతీయువకులు ఒళ్లంతా పొడిపించుకొనటానికి ఇష్టపడటం లేదు. చిన్ననాడు ఒంటిమీద ఎక్కడో ఒకచోట రామ అని వ్రాయించుకొని ఊరకుంటున్నవారు ఉన్నారు. రంగు వెలుస్తుందన్న భయం వారికి లేదు. నామం మీద భక్తి తగ్గలేదు. చదువు కోసం, ఉద్యోగం కోసం పట్నాలకు పోవలసినవారు వారు. మొగాన ఆ అక్షరాలుంటే ఏ కులమని అడుగనక్కరలేకుండానే తెలిసిపోతుంది. అస్పృశ్యతను 1950లో రాజ్యాంగం రద్దు చేసింది; 1955లో దానిని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. అయినా ఆ భయం పోలేదు. తాత పొడిపించుకొన్నది గుడి తలుపు మూసినందుకు. మనుమడు మానుకొన్నది కచేరి తలుపు మూస్తారేమోనని. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టటానికి వీలులేదు. తప్పు తలుపు మూసేవారిది.

చూచేవారి కన్ను

పచ్చబొట్టు ముసలిదయ్యేది చర్మంమీద మాత్రమే కాదు, చూచేవారి కంటిలో కూడ అని దీనివలన తేలుతున్నది. జపానులో మేనినిండా ఒకే చిత్రంగా పరచుకొనే పచ్చబొట్లను శతాబ్దాల తరబడి కళగా పెంచుకొన్నారు. పాశ్చాత్యుల కంట అనాగరికంగా కనిపిస్తుందేమోనన్న సంకోచంతో 1872లో ప్రభుత్వం దానిని నిషేధించింది. 1948లో నిషేధం తొలగింది. కాని ఆ మధ్యకాలంలో దానికి నేరస్థుల ముఠాల గుర్తు అన్న పేరు వచ్చిపడింది. పచ్చబొట్టు ఉన్నవారిని నేటికీ రానివ్వని స్నానశాలలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. వైద్య పట్టా లేకుండా పచ్చబొట్టు పొడవటం నేరమన్న అభియోగంపై వచ్చిన ఒక కేసులో, అది వైద్యం కాదు, నేరమూ కాదని 2020లో జపాను అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. చిత్రం అదే, సిరా అదే. నూట యాభై సంవత్సరాలలో దాని అర్థం ఎన్నో పర్యాయాలు మారింది. పొడిపించుకొనేవాడు తన చర్మం ఎలా మారుతుందో కొంతవరకు అంచనా వేయగలడు. లోకం ఎలా మారుతుందో ఎవరు అంచనా వేయగలరు?

ఈ దేశపు విద్యార్థికి లోకపు కన్ను ఒక నిబంధన రూపంలో ఎదురవుతుంది. కేంద్ర సాయుధ పోలీసు దళాలలో చేరదలచినవారి పచ్చబొట్లను గురించి నియామక ప్రకటనలలో స్పష్టంగా వ్రాస్తున్నారు. మతచిహ్నమో, దేవతారూపమో, పేరో అయితే సమ్మతిస్తారు. అది ఎడమ ముంజేతి లోపలివైపున గాని, చేతి వెలుపలివైపున గాని ఉండాలి. కుడిచేయి వందనం చేసే చేయి కనుక ఆ ముంజేతిమీద పనికిరాదు. ఆ అవయవ భాగంలో నాలుగవ వంతుకంటె తక్కువగా ఉండాలి. సైన్యం ముంజేతి లోపలివైపునూ, చేతి వెలుపలివైపునూ అనుమతిస్తుంది. ఆచారం కొద్దీ మొగాన, మేన పచ్చబొట్లు ఉన్న గిరిజనుల విషయంలో సడలింపు చూపుతుంది. ఇవి మారుతూ వచ్చిన నిబంధనలు, ఇకముందు కూడ మారవచ్చును. ఏ సంవత్సరపు ప్రకటనను ఆ సంవత్సరం చదువుకోవలసిందే.

పల్లెనుండి వచ్చి, తెల్లవారుజామున మైదానంలో పరుగు సాధన చేస్తున్న పిల్లవానికి ఈ నాలుగవ వంతు అన్న మాట ఎవరు చెప్పాలి? అభిమాన నటుని మొగాన్ని భుజం నిండా పొడిపించుకొన్న తరువాత, పరుగులోనూ కొలతలలోనూ నెగ్గి, వైద్యపరీక్ష గదిలో చొక్కా విప్పినప్పుడు తెలిస్తే ఏమి లాభం? అది వార్ధక్యం కొరకు కనిపెట్టుకొని ఉండే విపత్తు కాదు. ఇరవై నిండకుండానే వచ్చిపడేది. తల్లిదండ్రులు ముడుతలను గురించి మందలిస్తుండగా, అంతకంటె దగ్గరగా ఉన్న అపాయం చెప్పేవారు లేక కుర్రవాళ్లు నష్టపోతున్నారు.

కాబట్టి పెద్ద పచ్చబొట్టు ముసలితనంలో వికారంగా ఉంటుందా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మంచి నలుపుతో, ఎడమున్న గీతలతో, ఎండ తగలనిచోట వేసినది చర్మంతోపాటు గౌరవంగానే ముసలిదవుతుంది. సన్నని నీడలతో, రంగులతో, ఎండ తగిలేచోట వేసినది మనిషికంటె ముందుగా ముసలిదవుతుంది. అంతవరకు నేర్పరి అయిన కళాకారుడు చెప్పగలడు. ఇంకొక ప్రశ్నకు జవాబు చెప్పవలసినది పొడిపించుకొనేవాడే. ఈ బొమ్మలో ఉన్న ఇష్టానికి ఆయువెంత? గత సంవత్సరం ఏ బొమ్మ కావాలనుకొన్నాడో, ఈ సంవత్సరమూ అదే కావాలనుకొంటున్నాడా? ఒక్క సంవత్సరం ఆగలేని కోరిక నలభై సంవత్సరాలు నిలుస్తుందని ఏ ధైర్యంతో నమ్మటం? సంవత్సరం ఆగి, అదే బొమ్మను కోరి, వ్యయమూ అపాయమూ తెలిసి పొడిపించుకొన్నవాని మేని మీద అధికారం అతనిదే. అతనిని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు.

ఉపాధ్యాయుని పనియూ అంతవరకే. పచ్చబొట్టు ఉన్న విద్యార్థిని తరగతిలో నిలబెట్టి నలుగురి ముందు నవ్వుబాటు చేయటం బోధన కాదు. ఎరుకల చేతి విద్య నుండి వచ్చినదానిని అనాగరికమనటం అసలే తగదు. వయసు, చర్మం, సూది, నిబంధన - ఈ నాలుగింటి సంగతీ ముందుగా చెప్పి, ఆలోచించుకొనటానికి వ్యవధి ఇవ్వటం ఆయన చేయగలిగిన మేలు. ఆ వ్యవధి అవ్వకు దొరకలేదు. ఆమె చేతిమీది పచ్చబొట్టును ఇతరులు నిర్ణయించారు. అరవై సంవత్సరాలు ఆమె మోసింది. తన చేతిమీద ఏముండాలో తానే నిర్ణయించుకొనే భాగ్యం మనుమనికి దక్కింది. దానిని అతడు ఒక సాయంత్రపు సరదాలో ఖర్చు చేయకుండా చూడాలంటే, ముందుగా ఆ ఇంటివారంతా ఒక్కసారి అవ్వ పక్కన కూర్చుని, ఆ పేరు ఎవరిదో అడిగి, ఆ చేతిని పట్టుకొని చూడటం మంచిది.